మా అపార్ట్‌మెంట్ పూల్ తీర్థం

టీ ఇచ్చారు, సంతోషం. తాగేముందు ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇది ఏ నీళ్ళతో పెట్టారు? ఫిల్టర్ నీళ్ళేగా? నవ్వకండి మరి! వారం రోజులుగా నేను ఏం తాగినా ముందు వాసన చూస్తున్నా. ఆటోనగర్‌లో మా పక్క షాపాయన నిన్న మొహం మీదే అడిగేశాడు. "ఏంటండీ ప్రసాద్ గారూ, మజ్జిగ ప్యాకెట్ కూడా వాసన చూస్తున్నారు, ఒంట్లో బానే ఉందా?" అని.

ఒంట్లో బానే ఉంది. పరువే పోయింది. స్విమ్మింగ్ పూల్ నీళ్ళు తాగానండీ నేను! కాలు జారి పడి, ఉక్కిరిబిక్కిరై మింగడం కాదు. శుభ్రంగా నిలబడి, చెయ్యి పట్టి, కళ్ళకద్దుకుని మరీ తాగాను. అపార్ట్‌మెంట్ మొత్తం చూస్తుండగా.

మొదట్నుంచీ చెప్తా, అప్పుడు నవ్వండి.

కార్తీకమాసం వస్తే మా అత్తగారు కంకిపాడు నుంచి మా ఇంటికొస్తారు. నెలంతా తెల్లారకముందే కృష్ణలో మునగాలి ఆవిడకి. డెబ్బై దాటినా మనిషి గట్టి. వ్యవసాయం చేసిన ఇల్లు, కోడి కన్నా ముందు లేచే అలవాటు. నాకేమో స్పేర్ పార్టుల షాపు తీసేది పదింటికి. అప్పటిదాకా నిద్రపోవడం నా జన్మహక్కు. ఇన్నేళ్ళూ మా బావమరిది ఆవిణ్ణి ఘాట్‌కి తీసుకెళ్ళేవాడు. ఈ ఏడు వాడికి నడుం పట్టేసింది. "ఏవండీ, అమ్మని మీరే తీసుకెళ్ళాలి" అంది మా ఆవిడ సుజాత. అడిగినట్టు లేదు, ఆర్డర్ వేసినట్టు ఉంది.

సరే, మొదటిరోజు వెళ్ళాం. అబ్బబ్బ, ఏం జనం! బెజవాడలో సగం మంది ఆ చలిలో అక్కడే ఉన్నారు. కారు పెట్టడానికి చోటు లేదు. ఇటు పెడితే పోలీసాయన విజిల్, అటు పెడితే పూలమ్మే ఆవిడ తిట్లు. అత్తగారు మునిగి లేచేలోపు నేను కారేసుకుని అక్కడే ప్రదక్షిణాలు చేశాను. పుణ్యం ఏదన్నా వచ్చుంటే అది నా కారుకే వచ్చుంటుంది. చివరికి ఎక్కడో పెట్టి, ఆవిడ కోసం చెప్పులు పైన విడిచి, మెట్లు దిగి వచ్చేసరికి అవి మాయం. కొత్త చెప్పులు! ఉత్త కాళ్ళతో క్లచ్ తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రోజు షాపులో లారీ డ్రైవర్ ఫ్యాన్ బెల్ట్ అడిగితే బ్రేక్ లైనింగ్ ఇచ్చాను.

నెలంతా ఇదే అంటే నేను బతకను అనిపించింది. అప్పుడు తట్టింది ఆ దిక్కుమాలిన ఐడియా.

మా అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది. దానికి ఇన్‌చార్జిని నేనే. నన్ను ఏరికోరి ఎన్నుకున్నారనుకునేరు! అసోసియేషన్ మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళాను, అప్పటికి మిగిలిన పదవి అదొక్కటే. మా మూడో ఫ్లోర్ మూర్తిగారు రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. పూల్లో దిగితే దురదలొస్తున్నాయని వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజ్ పెట్టేవారు. ఒకరోజు నాకు తిక్క రేగి, "మన పూల్ నీళ్ళు తాగొచ్చు సార్, అంత క్లీన్!" అని కొట్టేశాను. చప్పట్లు కూడా వచ్చాయి. మూర్తిగారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే దాచిపెట్టుకున్నారని అర్థం. నాకప్పుడు తెలీలేదు.

మర్నాడు టిఫిన్ దగ్గర మొదలుపెట్టాను.

"అత్తయ్యగారూ, కృష్ణమ్మ మన కిందే ఉంటే అంత దూరం ఎందుకండీ?"

"మన కిందా?"

"మన పూల్లో ఉన్నవి కృష్ణ నీళ్ళేగా! నదిలోంచే ఊళ్ళోకి వస్తాయి, పైపుల్లోంచి మన దగ్గరికొస్తాయి. అయినా, ఇంట్లో స్నానం చేసేటప్పుడు నదులన్నిటినీ రమ్మని పిలుస్తారు కదా మీరు. చెంబులోకి వచ్చే నదులు ఇంత పెద్ద పూల్లోకి రావా?"

అత్తగారు ఇడ్లీ తుంచడం ఆపి ఆలోచించారు. "మాట బానే ఉంది. ఆ నీళ్ళు మంచివేనా అల్లుడుగారూ?"

"మంచివా! తాగొచ్చండీ!"

చూశారా, మళ్ళీ అదే మాట. ఒకసారి చప్పట్లు పడ్డ మాట నోట్లోంచి ఓ పట్టాన పోదు. మా ఆవిడ చట్నీ గరిటె గాల్లో ఆపి నా వంక చూసింది. నేను సాంబారు వంక చూశాను.

"మీరు చెప్పాక నాకింకేం అనుమానం?" అన్నారు అత్తగారు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు కాబట్టే ఇంత జరిగింది.

తెల్లారకముందే లిఫ్ట్‌లో కిందకి దిగాం. హాయి! కారు లేదు, పోలీసు లేడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పూల్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా నేనే రాయించిన బోర్డు, 'స్విమ్మింగ్ డ్రెస్ తప్పనిసరి' అని. మా అత్తగారు మెరూన్ రంగు మంగళగిరి చీరలో, అరటిదొప్పలో దీపం పట్టుకుని వచ్చారు. నీళ్ళలోకి దిగే స్టీలు నిచ్చెనకి పసుపు రాసి కుంకుమ పెట్టారు, నా బోర్డుకి కూడా ఓ బొట్టు పెట్టారు. పిల్లలు ఈదే నడుం లోతు వైపు దిగి, మునిగి లేచి, దీపం వదిలారు. నీలం టైల్స్ మీద ఆ దీపం అలా తేలుతుంటే, నిజం చెప్తున్నా, చాలా బాగుంది. మన బుర్రే బుర్ర అనుకుంటూ కళ్ళు మూసుకున్నా.

తెరిచేసరికి అత్తగారు దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుంటున్నారు. ఆ తర్వాత అరచేతిలోకి తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నారు.

ఆ సంగతి నేను మర్చేపోయానండీ! నదీస్నానం అన్నాక తీర్థం పుచ్చుకోకుండా ఉంటారా?

"అత్తయ్యగారూ! ఆగండి!" దుప్పటి కాళ్ళకి చుట్టుకుని పడబోయాను. అప్పటికే పుచ్చుకున్నారు.

"ఏం బాబూ?"

ఏం చెప్పను? "తాగొచ్చన్న నీళ్ళు తాగకూడదండీ" అని చెప్పాలి. చెప్తే రేపట్నుంచి మళ్ళీ ఘాట్, మళ్ళీ విజిల్స్. "ఏం లేదండీ, చలి కదా, తుమ్ములొస్తాయేమోనని" అన్నాను.

"నీళ్ళు కాస్త ఘాటుగా ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్ వాసన."

"కుళాయి నీళ్ళలో కూడా కలుపుతారుగా అత్తయ్యగారూ. అదే."

ఆవిడ తలూపి మళ్ళీ మునిగారు.

ఆవిణ్ణి పైకి పంపేసి, పూల్ చూసే శ్రీను కోసం పరిగెత్తాను. "నిన్న నీళ్ళలో ఏం కలిపావు శ్రీనూ?"

"ఎప్పుడూ వేసేదే సార్. పిల్లల బ్యాచ్ అయ్యాక కొంచెం గట్టిగా వేశా."

"పిల్లల బ్యాచ్‌కీ దీనికీ ఏంటి సంబంధం?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, ఆ పిల్లలు ఒకసారి దిగితే గంట దాకా బయటికి రారు. మధ్యలో ఒక్కడు కూడా బాత్రూంకి వెళ్ళడం నేను చూళ్ళేదు."

మా ఫ్యామిలీ డాక్టర్ గారికి ఫోన్ చేశాను. "డాక్టర్ గారూ, ఊరికే అడుగుతున్నా, జనరల్ నాలెడ్జ్. స్విమ్మింగ్ పూల్ నీళ్ళు తాగొచ్చాండీ?"

"ఎవరు తాగారు?"

"ఎవరూ తాగలేదండీ! మా... మా ఫ్రెండ్ వాళ్ళ అత్తగారు."

"ఈదేటప్పుడు పొరపాటున గుక్కెడు మింగితే మామూలుగా ఏం కాదు. మంచినీళ్ళలా తాగడానికి మాత్రం అవి పనికిరావు. అందులో మందులుంటాయి, అందరి చెమట ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. మందు సరిగ్గా పడకపోతే క్రిములూ ఉంటాయి. వాంతులూ విరేచనాలూ అయితే వెంటనే తీసుకురండి, మీ ఫ్రెండ్ వాళ్ళ అత్తగార్ని."

"మరగబెడితేనో?"

"మరగబెడితే క్రిములు చస్తాయి. మిగతావన్నీ వేడివేడిగా ఉంటాయి."

ఆ రోజంతా షాపులో కూర్చుని గంటగంటకీ ఇంటికి ఫోన్. "మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఏం తిన్నారు? కడుపులో బానే ఉందా?" మా ఆవిడ మురిసిపోయింది. "ఇన్నేళ్ళలో మా అమ్మ గురించి ఇంత అడగలేదు మీరు" అంది. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలీలేదు.

రెండోరోజు నేను మంచినీళ్ళ సీసా ఒకటి కొని జేబులో పెట్టుకుని వెళ్ళాను. "తీర్థానికి ఇవి వాడండి అత్తయ్యగారూ" అని చేతికివ్వబోయాను. ఆవిడ సీసా వంక చూసి, "నదిలో నిలబడి సీసా నీళ్ళా? కృష్ణమ్మ నవ్వదూ?" అన్నారు. కృష్ణమ్మ సంగతి నాకు తెలీదు గానీ, ఆవిడ పెదాల మీద మాత్రం ఏదో నవ్వు కనిపించింది. భక్తి అనుకున్నాను.

అలా రోజులు గడుస్తున్నాయి. ఆవిడ రోజూ మునుగుతారు, నోటి దగ్గర చెయ్యి పెట్టుకుంటారు, నేను కుర్చీలో వణుకుతాను. నిద్ర కోసం వేసిన ఎత్తు కదా, ఆ నిద్రే పోయింది! రాత్రి పక్క మీద దొర్లుతూ అదే ఆలోచన. పెద్దావిడకి ఏమన్నా అయితే? మొదట్లో నాకు ఘాట్ భయం ఉండేది, తర్వాత తర్వాత అసలు భయం పట్టుకుంది. చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. ఆవిడ "మీరు చెప్పాక ఇంకేం" అన్నట్టు నా వంక చూసేవారు, నోరు పెగిలేది కాదు.

ఇంతలో మా ఆవిడ చీర పట్టుకొచ్చింది. "ఏవండీ, అమ్మ మెరూన్ చీర చూడండి, అంచు పక్కనంతా వెలిసిపోయి మచ్చలు మచ్చలైంది."

"కొట్టువాడు మోసం చేసి ఉంటాడు. ఈ రోజుల్లో రంగులు నిలుస్తాయా?" అన్నాను.

"నా పెళ్ళికి అమ్మ కట్టుకున్న చీర ఇది. ఇన్నాళ్ళూ నిలిచిందిగా" అంది.

నేను షాపుకి టైమైందని వెళ్ళిపోయాను. ఆ రోజు ఆదివారం, షాపుకి సెలవు.

సోమవారం వచ్చింది. ఆ సరికి మా అత్తగారి పూల్ స్నానం అపార్ట్‌మెంట్ అంతా పాకిపోయింది. ఆడవాళ్ళందరూ, "పిన్నిగారూ, ఈ సోమవారం మేమూ దీపాలు వదుల్తాం" అన్నారు. సాయంత్రం పూల్ చుట్టూ జాతరే! నీళ్ళ నిండా దీపాలు, గట్టు నిండా పట్టుచీరలు. పిల్లలు మతాబులు కాలుస్తున్నారు. నా బోర్డుకి ఎవరో బంతిపూల దండ వేశారు. పోయినవాళ్ళ ఫొటోకి వేసినట్టు ఉంది.

మూర్తిగారు కూడా వచ్చారు. దీపం లేదు, చేతిలో ఫోన్ ఉంది.

మా అత్తగారు అందరూ చూస్తుండగా పూల్లో రాగి చెంబు ముంచారు. గట్టు మీదున్న చిన్న బల్ల దగ్గరికి వచ్చి, అందులో తులసాకులూ కాస్త పచ్చకర్పూరం వేసి, ఉద్ధరిణితో కలిపారు. "అందరూ రండమ్మా, తీర్థం తీసుకోండి. ముందు మా అల్లుడుగారు. ఇదంతా ఆయన పుణ్యమే" అన్నారు.

"నాకెందుకండీ, ముందు పెద్దవాళ్ళకి..."

"తీర్థం వద్దనకూడదు అల్లుడుగారూ" అన్నారు నవ్వుతూ.

"అవునవును, వద్దనకూడదు" అన్నారు మూర్తిగారు వెనకనుంచి. "పైగా తాగొచ్చని గ్రూపులో రాసింది మీరేగా. స్క్రీన్‌షాట్ ఉంది." ఫోన్ నా వైపు తిప్పారు. వీడియో!

ఏం చేస్తానండీ? తాగొచ్చన్నది నేనే. తాగనంటే, ఇన్నాళ్ళూ ఆ పెద్దావిడతో ఎలా తాగించావు అంటారు. చెయ్యి పట్టాను. తీర్థం అంటే ఉద్ధరిణెడు పోస్తారని అనుకున్నా. ఆవిడ చెంబు వంచి అరచెయ్యి నిండా పోశారు! కళ్ళకద్దుకుని మింగాను. తులసి రుచి లేదు, కర్పూరం వాసన లేదు, అచ్చంగా మా పూల్ నీళ్ళే! గొంతులోంచి దిగుతుంటే పిల్లల బ్యాచ్ మొత్తం వరసగా నా కళ్ళ ముందు కనిపించింది.

"ఇంకోసారి" అన్నారు అత్తగారు. పోశారు. మింగాను.

కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నాను. అంతలో రెండో ఫ్లోర్ వాళ్ళ బుజ్జిపిల్ల, నాలుగేళ్ళు కూడా ఉండవు, ముందుకొచ్చి రెండు చేతులూ కలిపి పట్టింది. అత్తగారు వంగి ఉద్ధరిణి పైకెత్తారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు. "ఆగండి! పాపకి పొయ్యకండి! ఎవరూ తాగొద్దు! అవి తాగే నీళ్ళు కాదు! మందులు కలుపుతారు, పిల్లలు ఒంటేలు పోస్తారు, నేను అబద్ధం చెప్పాను! ఘాట్‌కి వెళ్ళే బద్ధకంతో చెప్పాను!"

మతాబు ఒకటి చుర్రుమని ఆరిపోయింది. మూర్తిగారి ఫోన్ మీద ఎర్ర చుక్క మాత్రం వెలుగుతూనే ఉంది.

మా అత్తగారు తొణకలేదు. ఆ పాప చేతిలో తీర్థం పోసేశారు. నేను అరవబోతే, బల్ల మీద రాగి చెంబు వెనక ఉన్న ఇత్తడి చెంబు ఎత్తి చూపించారు. "ఇవి మన వంటింట్లో ఫిల్టర్ నీళ్ళు. అందరికీ పోసేవి ఇవే. రాగి చెంబు మీ ఒక్కరికే."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "అంటే... మీకు తెలుసా?"

"కాలవ నీళ్ళూ, బావి నీళ్ళూ, బోరు నీళ్ళూ తాగి ఇంతదాన్నయ్యాను. నీళ్ళ రుచి తెలీదా అల్లుడుగారూ? మొదటిరోజే నోట్లో పెట్టుకుని ఊసేశాను. మీరు దుప్పటి విప్పుకునే హడావిడిలో చూళ్ళేదు. ఆ తర్వాత ఉత్త చెయ్యే పెట్టుకుంటున్నా."

"మరి నాకు చెప్పలేదేంటండీ?"

"మీరు చెప్తారేమోనని చూశాను." ఆవిడ గొంతు పెంచలేదు. "పోన్లెండి, చివరికి చెప్పారు. పరాయి పిల్ల తాగబోతే నోరు వచ్చింది. నా దగ్గరికొచ్చేసరికే రాలేదు."

పూల్ నీళ్ళు గొంతు దిగాయి గానీ, ఆ మాట ఇంతవరకూ దిగలేదండీ. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. "క్షమించండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నవ్వేసి నా చేతిలో ఇత్తడి చెంబులోంచి మంచి తీర్థం పోశారు. "నోరు కడుక్కోండి ముందు" అన్నారు.

మా ఆవిడ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మీకు తెలుసుగా, షాపులో నేను బ్యాటరీలకి డిస్టిల్డ్ వాటర్ కూడా అమ్ముతాను. తన బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోశానని ఏ డ్రైవరన్నా అంటే శివాలెత్తిపోతాను. అందరి ముందూ అంది: "లారీ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్, మా అమ్మకి పూల్ నీళ్ళు. బాగుందండీ." మూర్తిగారు అది కూడా రికార్డ్ చేశారు.

నా కడుపుకి ఏమైందంటారా? ఏమీ కాలేదు. ఆ రాత్రంతా ఇప్పుడేదో అవుతుంది, ఇప్పుడేదో అవుతుంది అని బాత్రూం తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా. పొద్దున డాక్టర్ గారే ఫోన్ చేశారు, "మీ ఫ్రెండ్ ఎలా ఉన్నారు?" అని. వీడియో ఆయన దాకా వెళ్ళిందన్నమాట.

ఇక ఇప్పుడు రోజూ ఘాట్‌కే. అత్తగారొక్కరే కాదు, ఆ సోమవారం దీపాలు వదిలిన వాళ్ళందరూ! నా కారు చాలక షాపు సరుకు తెచ్చే వ్యాన్ తీస్తున్నాను. ముందు సీట్లో మూర్తిగారు కూర్చుంటారు. పూల్లో వచ్చిన దురదలకి కృష్ణ స్నానం మంచిదట. కెమిస్ట్రీ లెక్చరరే చెప్పాక ఇంకేం అంటాం! చెప్పులు ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నా. అత్తగారికి కొత్త మెరూన్ చీర కొనిచ్చాను. కట్టుకోవట్లేదు. ఆ మచ్చల చీరే కట్టుకుని వ్యాన్ ఎక్కుతున్నారు, నా ఎదురుగా.

అసోసియేషన్ వాళ్ళు నన్ను ఇన్‌చార్జి పదవి నుంచి తీసేస్తారని ఆశపడ్డాను. తియ్యలేదు. కొత్త బోర్డు ఒకటి పెట్టమన్నారు. పెట్టాను. 'ఈ నీళ్ళు తాగరాదు' అని, ఇంత పెద్ద అక్షరాల్లో, కింద నా పేరుతో.

నిన్న సాయంత్రం కొత్తగా అద్దెకొచ్చిన ఒకాయన ఆ బోర్డు ముందు నిలబడి తెగ నవ్వుతున్నాడు. నన్ను చూసి, "ఏంటండీ ఇది, విడ్డూరం కాకపోతే! బుద్ధున్నవాడు ఎవడన్నా స్విమ్మింగ్ పూల్ నీళ్ళు తాగుతాడా?" అన్నాడు.

"తాగడండీ" అన్నాను. "బుద్ధున్నవాళ్ళ కోసం కాదు ఆ బోర్డు. కింద పేరుంది, చదువుకోండి."